అడ్డం, నిలువు, మధ్యలో ఒక మర

1913 డిసెంబరు 21, ఆదివారం నాడు ‘న్యూయార్క్ వరల్డ్’ పత్రిక ‘ఫన్’ అనే సరదా అనుబంధంలో వజ్రం ఆకారంలో ఒక గళ్ల బొమ్మ అచ్చయింది. కూర్చినవాడు ఆర్థర్ విన్. లివర్‌పూల్‌లో పుట్టి, కుర్రతనంలోనే అమెరికాకు వలస వెళ్లి పత్రికల్లో చేరినవాడు. క్రిస్మస్ రోజుల్లో పాఠకులకు కొత్త ఆట ఏదైనా ఇవ్వాలనుకున్నాడు. పేరు ‘వర్డ్-క్రాస్’ అని పెట్టాడు. కొన్ని వారాల తర్వాత అచ్చులో ముందుది వెనక్కి, వెనకది ముందుకి పోయి ‘క్రాస్-వర్డ్’ అయింది. దిద్దాలని ఎవరికీ తోచలేదు.

ఇవాళ్టి కంటితో చూస్తే ఆ మొదటి పజిల్ సగం చెక్కిన పనిముట్టులా ఉంటుంది. నడుమ పెద్ద ఖాళీ, నల్ల గళ్లు లేవు. ‘డవ్’ అనే జవాబు రెండుసార్లు వచ్చింది. ఒకచోట ‘పక్షి’ అన్నాడు, ఇంకోచోట ‘పావురం’ అన్నాడు. గోముటి తాటి నారను ఏమంటారు అని ఒక ఆధారం. ఆ జవాబు తెలిసిన న్యూయార్క్ గృహస్థులు ఎందరుండేవారో! ‘ఈ పజిల్ ఎలాంటిది?’ అన్న ఆధారానికి జవాబు ‘కష్టమైనది’. నిజాయితీ గలవాడే.

పనిముట్టుకు పదును పెట్టింది మార్గరెట్ పెథర్‌బ్రిడ్జ్. తర్వాత మార్గరెట్ ఫారర్‌గా పేరుపొందినావిడ. అదే పత్రికలో ఉద్యోగానికి చేరితే గళ్ల పని అప్పగించారు. నడుం కట్టి ఆమె కుదిర్చిన పద్ధతులే అమెరికా పత్రికల్లో ఇప్పటికీ నడుస్తున్నాయి. గళ్ల బొమ్మను తలకిందులు చేసినా నల్ల గళ్లు అదే అమరికలో కనిపించాలి. రెండక్షరాల మాటలు కూడదు. అసలు సంగతి ఇది: ప్రతి తెల్ల గడీ అడ్డం మాటలోనూ ఉండాలి, నిలువు మాటలోనూ ఉండాలి.

1924లో సైమన్, షూస్టర్ అనే ఇద్దరు కుర్ర ప్రచురణకర్తలు ఈ పజిళ్లను పుస్తకంగా వేశారు. కూర్చినవారిలో మార్గరెట్ ఒకరు. ప్రతి కాపీకీ ఒక పెన్సిల్ జత చేశారు. దేశమంతా పిచ్చెక్కింది. అదే ఏడు ‘న్యూయార్క్ టైమ్స్’ దీన్ని కాలహరణమని ఈసడించింది. 1942 ఫిబ్రవరిలో ఆ పత్రికే పజిల్ మొదలుపెట్టి, సంపాదకత్వానికి మార్గరెట్‌నే పిలిచింది. యుద్ధకాలంలో గళ్లు నింపేవారిని గూఢలిపి పనికి తీసుకున్న కథలు చాలామంది రాశారు. నాకు అంతకంటే ఆసక్తి కలిగించేది ఆ గళ్ల లోపల జరిగే పని.

దాన్ని దగ్గరగా చూద్దాం. ఒక ఆధారం: ‘అడ్డం 1. లక్ష్మి వెనుదిరిగితే యంత్రం (2).’ లక్ష్మికి రెండక్షరాల పేర్లు రమ, సిరి, పద్మ. ‘వెనుదిరిగితే’ అంటే మాటను వెనకనుంచి చదవమని. రమ తిరగబడితే మర. పిండిమరలో ఉన్న మర. ఇక్కడ ఒకే జవాబుకు రెండు దారులున్నాయి. ఒకటి ‘యంత్రం’ అన్న అర్థం, రెండోది అక్షరాల గారడీ. రెండూ ఒకేచోటికి చేరాయి కాబట్టి అనుమానం లేదు.

అదే గడిలోంచి కిందికి: ‘నిలువు 1. పెళ్లి (3).’ వివాహం? కల్యాణం? మనువు? మూడూ మూడక్షరాలవే, మూడూ ఒప్పే. విడిగా చూస్తే ఎంత మేధావైనా తేల్చలేడు. కానీ మొదటి గడిలో ‘మ’ కూర్చుంది కాబట్టి మనువే.

ఇప్పుడు లక్ష్మి పేర్లేవీ తెలియనివాడిని ఊహించండి. ‘యంత్రం’ అన్న ఒక్క మాట పట్టుకుని రెండక్షరాల జాబితా రాసుకుంటాడు: మర, మిల్లు. పెళ్లికి మూడు మాటల జాబితా ఎలాగూ ఉంది. రెండు జాబితాల్లోనూ మొదటి అక్షరం కలిసేది ‘మ’ దగ్గరే. గారడీ అర్థం కాకుండానే మర దొరికింది, మనువూ దొరికింది. రెండు అరకొర జ్ఞానాలు కలిసి ఒక నిశ్చయం అయ్యాయి. క్రాస్‌వర్డ్‌ను యంత్రం అనడానికి కారణం ఇదే.

ఈ యంత్రం అసలు ఎందుకు నడుస్తుందో లెక్కకట్టినవాడు క్లాడ్ షానన్. సమాచార శాస్త్రానికి పునాది వేసిన 1948 నాటి వ్యాసంలో క్రాస్‌వర్డ్ ప్రస్తావన ఉంది. అక్షరాల ప్రతి కూర్పూ మాటే అయ్యే భాష ఉంటే, గళ్లలో ఏం రాసినా చెల్లుతుంది, ఇక పజిలే లేదు. భాషలో కట్టుబాట్లు మరీ ఎక్కువైతే పెద్ద గళ్ల బొమ్మ అల్లడం అసాధ్యం. ఇంగ్లీషులో సుమారు సగం మన ఇష్టం, సగం భాష కట్టుబాటు అని ఆయన అంచనా. సగం దగ్గర పెద్ద పజిళ్లు అతికష్టం మీద సాధ్యమవుతాయట. కట్టుబాటు మూడోవంతుకు తగ్గితే పొడవు, వెడల్పు, ఎత్తు మూడు దిక్కులా అల్లవచ్చట.

1999లో డ్యూక్ విశ్వవిద్యాలయంలో మైకేల్ లిట్‌మన్ బృందం ‘ప్రోవెర్బ్’ అనే ప్రోగ్రామ్ తయారుచేసింది. లక్ష్మి పేరు తెలియనివాడి పద్ధతే అది. 5,000కు పైగా పాత పజిళ్ల ఆధారాలు పోగుచేసి, ప్రతి ఆధారానికీ జాబితాలు రాసి, ఏ జవాబుకు ఎంత అవకాశముందో మార్కులు వేసి, కలిసే అక్షరాలతో వడగట్టింది. సగటున నూటికి 95 మాటలకు పైగా సరిగ్గా నింపింది. ఆ బృందంలోని కుర్రవాడు నోమ్ షజీర్, 2017లో ట్రాన్స్‌ఫార్మర్ పద్ధతిని ప్రకటించిన పరిశోధకుల్లో ఒకడు. ఇవాళ్టి మాటల మెషీన్లు చాలావరకు ఆ పద్ధతి మీదే నిలబడ్డాయి.

తర్వాత వచ్చింది మాథ్యూ గిన్స్‌బర్గ్ తయారుచేసిన ‘డాక్టర్ ఫిల్’. 2012లో అమెరికా క్రాస్‌వర్డ్ పోటీలో దాదాపు 600 మందితో కూర్చోబెడితే 141వ స్థానంలో నిలిచింది. ఒక పజిల్‌లో కొన్ని జవాబులు వెనకనుంచి రాయాలి. అక్కడ బోల్తా పడింది. మన రమను తిప్పలేకపోయిందన్నమాట. 2021లో బెర్క్‌లీ పరిశోధకుల ప్రోగ్రామ్‌తో జతకట్టి 12,825 పాయింట్లు తెచ్చుకుంది. మనుషుల్లో అత్యధికం 12,810. గెలిచిన మెషీను కూడా మూడు తప్పులు చేసింది.

ఇదంతా ఇరవై ఆరు అక్షరాల సంగతి. మన గడిలో పట్టేది ఒక్క వర్ణం కాదు, గుణింతం, ఒత్తుతో సహా నిండు అక్షరం. ముప్పై అయిదు హల్లులకు డజను చొప్పున గుణింతాలు వేసుకున్నా నాలుగు వందలు దాటుతాయి, ఒత్తులు ఇంకా లెక్కలోకి రాలేదు. అందుకే ఒక్క గడి తెలిస్తే నింపేవాడికి పండగ. ఇంగ్లీషు గడిలో మర, మిల్లు రెండూ ఎమ్‌తోనే మొదలయ్యేవి, మన దగ్గర ‘మ’కూ ‘మి’కీ పొత్తు లేదు. అదే కూర్చేవాడికి నరకం. కల్యాణమా కళ్యాణమా అన్న పేచీ కూడా గడిలో ప్రాణం మీదికొస్తుంది. తోక తెగింది, దీర్ఘం పోయింది అని ఆధారంలో సర్దుకోవడం మనవాళ్లకు అందుకే అలవాటైంది. పదబంధ ప్రహేళికలు కూర్చిన శ్రీశ్రీ, గళ్ల నుడికట్లు అల్లిన ఆరుద్ర ఎంత గట్టి పని చేశారో ఈ లెక్క చూస్తే తెలుస్తుంది.

కంప్యూటరుకు ఇంకో చిక్కు ఉంది. ‘స్త్రీ’ మన గడిలో ఒకటి. యూనికోడ్‌లో అది ఆరు సంకేతాలు. తెలుగు పజిల్ నింపే ప్రోగ్రామ్ రాయాలనుకునే విద్యార్థులు ముందు దానికి అక్షరాలు లెక్కపెట్టడం నేర్పాలి, ఆ తర్వాతే అర్థాలు. వాళ్లకు కావలసిన రెండో సరుకు పాత ఆధారాలు. ప్రోవెర్బ్‌కు బలం అక్కడినుంచే వచ్చింది. మీ అటక మీద పాత వారపత్రికలు ఉంటే, గళ్ల పేజీలు ఫోనుతో ఫొటో తీసి దాచండి. తూకానికి వేసేది ఆ తర్వాతే.