జీపు ఇంజనుకు నిదానము

నిదానమను మాటకు తెలుగున రెండర్థములు కలవు. వైద్యశాస్త్రమున అది రోగకారణమును నిర్ణయించుట. మాధవనిదానమను గ్రంథమునకు ఆ పేరు అందువలననే వచ్చినది. లోకవ్యవహారమున అది తొందరపాటు లేకుండుట. పాతజీపు ఇంజను నిలుకడ తప్పినప్పుడు ఈ రెండు నిదానములును ఒక్కమారే కావలసివచ్చును.

"బండి స్లో నిలుచుట లేదు" అని షెడ్డులలో చెప్పుకొందురు. యాక్సిలరేటరు మీది కాలు తీసినంతనే ఇంజను ఒకపరి ఉరుకును, ఒకపరి కుంగును, మరొకపరి ఆగిపోవును. బాటమీద వేగముగా పోవునప్పుడు మాత్రము ఏ లోపమును కనబడదు. రోగి నడచునప్పుడు బాగుండి కూర్చున్నప్పుడు మూలుగుట వంటిది ఇది!

1953లో వెలువడిన విల్లీస్ సీజే-3బీ జీపునే ఉదాహరణముగా గ్రహింతము. దాని హరికేన్ ఇంజనుకు నాలుగు సిలిండర్లు. పరిమాణము 134 ఘనపుటంగుళములు, అనగా సుమారు 2.2 లీటర్లు. కాలు తీసినపుడు అది నిమిషమునకు 600 చుట్ల ప్రాంతమున తిరుగవలెను. ఆ స్థితిలో కార్బురేటరులోని థ్రాటిల్ రేకు దాదాపు మూసికొని యుండును. పిస్టనులు పీల్చుచునే యుండును గాని గాలి చాలదు. కావున రేకునకు క్రిందివైపున బలమైన శూన్యమేర్పడును. అచ్చట వెంట్రుకవాసి సందున్నను పెట్రోలు కలియని గాలి చొరబడి మిశ్రమమును పలుచన చేయును. వేగమున రేకు తెరచుకొని గాలి వెల్లువగా వచ్చును గనుక ఆ సందు లెక్కకు రాదు. దోషము కాలు తీసినపుడే బయటపడుటకు కారణమిదియే.

పెక్కుమంది ఇచ్చట చేయు పొరపాటొకటి కలదు. స్లో స్క్రూను బిగించి వేగము పెంచి, జబ్బు నయమైనదనుకొందురు. నిటారైన కొండదారిలో లో గేరున దిగునప్పుడు ఇంజనే బండిని పట్టి దింపవలెను. స్క్రూ అతిగా బిగించిన ఇంజను పట్టుటకు మారుగా బండిని ముందునకు త్రోయును. భారమంతయు బ్రేకులపై పడును. ప్రాణములతో చెలగాట మనుట అతిశయోక్తి కాదు.

కావున మొదట ఇంజనును బాగుగా వేడెక్కనిచ్చి, చోకు పూర్తిగా తెరచుకొన్నదో లేదో చూడవలెను. పిమ్మట పిడికి ఊడని పట్టుకారుతో ఒక్కొక్క ప్లగ్గు తీగను తీసి పెట్టుచు చెవి యొగ్గవలెను. తీగ తీసినను ధ్వని మారని సిలిండరు పనిచేయుట లేదన్నమాట. ప్లగ్గో, తీగయో, వాల్వో అచ్చటనే వెదకవలెను. నాలుగింటను సమానముగా తగ్గినచో దోషము అందరికిని ఉమ్మడియైనది. పాయింట్ల ఎడము అంగుళములో వెయ్యింట 20 పాళ్లు, ప్లగ్గుల ఎడము 30 పాళ్లు ఉన్నవో లేవో సరిచూచి గాలివేటకు పూనుకొనవలెను.

ఈ ఇంజనున గాలిదారి సిలిండరు తలలోనే పోతపోయబడినది. పూర్వపు ఇంజనులకుండు ఇన్‌టేక్ మానిఫోల్డు ప్యాకింగు దీనికి లేదు. అనుమానింపవలసిన తావొకటి తగ్గినది. మిగిలినవి కార్బురేటరు అడుగు ప్యాకింగు, క్రాంకుకేసు గాలివాల్వు, శూన్యముతో నడచు వైపరు గొట్టము, థ్రాటిల్ షాఫ్టు. గొట్టములను ఒక్కొక్కటిగా నొక్కిపట్టి చూచునది. ప్యాకింగు అంచున నూనెచుక్క వేసినపుడు ఇంజను క్షణకాలము కుదుటపడినచో సందు అచ్చటనే యున్నది. కొందరు ఇందుకు పెట్రోలు చిమ్ముదురు. ఎర్రగా కాగిన ఎగ్జాస్టు ప్రక్కన ఆ సాహసము కూడదు.

సందులేమియు లేనిచో మిశ్రమపు స్క్రూను పరీక్షింపవలెను. దానిని త్రిప్పినను ధ్వనిలో మార్పు రాకున్నచో స్లో దారి మట్టితో పూడినదని ఊహింపవచ్చును. నేటి పెట్రోలుతో మరొక చిక్కు వచ్చినది. 2025 నాటికి మన దేశమున పెట్రోలులో 20 శాతము ఎథనాలు కలుపు లక్ష్యము నెరవేరినది. అది పాతరబ్బరు భాగములను ఉబ్బించును, తేమను పీల్చును, మిశ్రమమును కొంత పలుచన చేయును. తన్ను తాను సవరించుకొను నేర్పు పాతకార్బురేటరునకు లేదు.

అన్నిటికంటె మొండిది థ్రాటిల్ షాఫ్టు అరుగుదల. షాఫ్టును వ్రేళ్లతో ఊపినచో వదులు తెలియును. ఏ ప్యాకింగును దానికి మందు కాదు. అట్లని కార్బురేటరునే పారవేయుట దుబారా. రంధ్రమును లేతుమీద సవరించి ఇత్తడి బుష్షు వేయించినచో చాలును. అటుపిమ్మట, పూర్వము బిగించిన స్లో స్క్రూను వెనుకకు త్రిప్పుట మరువరాదు.