మనసు చెప్పిన మాటను ఎంతవరకు నమ్మాలి?



మన సంఘాల్లో తరచుగా వినబడే మాట ఒకటి ఉంది: "నా మనసుకు అలా తట్టింది, అందుకే చేశాను." బోరు కోసం అప్పు తెచ్చిన రైతు ఈ మాట అంటాడు. పిల్లవాడి ముఖం చూడగానే ఇంట్లో ఏదో జరిగిందని పసిగట్టిన టీచరమ్మ అంటుంది. రిపోర్టు రాకముందే డాక్టరును పిలిపించిన నర్సమ్మ అంటుంది. విశ్వాసులమైన మనం ఇంకో అడుగు ముందుకేసి, "ప్రభువు నాతో చెప్పాడు" అంటాం. ఇలాంటి మాటలు కొన్ని ప్రాణాలు నిలబెట్టాయి. కొన్ని కుటుంబాలను అప్పుల్లోకి దించాయి. పైకి రెండూ ఒకేలా వినబడతాయి. మరి తేడా ఎలా తెలుసుకోవాలి?

లూకా సువార్త 12వ అధ్యాయం 54 నుండి 56 వచనాలు చూడండి. పడమట మబ్బు లేస్తే వాన వస్తుందని మీరంటారు, అలాగే జరుగుతుంది. దక్షిణపు గాలి వీస్తే ఎండ మండుతుందని అంటారు, అదీ జరుగుతుంది అని ప్రభువు జనులతో అన్నాడు. వారి అనుభవాన్ని ఆయన కాదనలేదు. అయితే ఆకాశాన్ని చదవగలిగిన ఆ కళ్లే తమ కాలాన్ని చదవలేకపోయాయని మందలించాడు. ఒక విషయంలో గురి కుదిరిన మనసుకు ఇంకో విషయంలో గురి ఉండకపోవచ్చు. ఈ సంగతి మన అనంతపురం సీమలో ప్రతి ఏటా కనబడుతూనే ఉంది.

పదును తెలిసిన చెయ్యి

పడమటి కనుమల వానచాటున ఉన్న నేల మనది. ఏడాదికి సగటున పడేది సుమారు 550 మిల్లీమీటర్లు. అదీ ఎప్పుడు పడుతుందో, ఎప్పుడు ముఖం చాటేస్తుందో తెలియదు. ఇలాంటి చోట వేరుశనగ వేసే పెద్దాయన వాన వెలిసిన మరునాడు చేలోకి దిగి, పిడికెడు మట్టి తీసి నొక్కి చూస్తాడు. "ఇంకా పదును కాలేదు" అనో, "ఈరోజే గొర్రు కట్టండి" అనో చెప్తాడు. ఎందుకని అడిగితే వివరించలేకపోవచ్చు. కానీ ఆ మాటను నమ్మవచ్చు. ఎందుకంటే ఆయన విత్తిన ప్రతిసారీ వారం పది రోజుల్లో నేల జవాబు చెప్పింది: మొలక సరిగా వచ్చింది, లేదా రాలేదు. నలభై ఏళ్లు ఆ జవాబు విని విని ఆయన చెయ్యి నేర్చుకుంది.

అదే పెద్దాయనను, "ఊడలు దిగే వేళకు వాన ఉంటుందా?" అని అడగండి. ఆయన ఏదో ఒకటి చెప్తాడు, అంతే ధైర్యంగా చెప్తాడు. కానీ రెండు నెలల తర్వాతి వాన పిడికెడు మట్టిలో కనబడదు. ఆ ధైర్యం పాతదే, దాని కింద ఉండాల్సిన అనుభవం మాత్రం లేదు.

మనస్తత్వ శాస్త్రవేత్తలు డేనియల్ కానమన్, గ్యారీ క్లైన్ ఈ విషయంలో చాలాకాలం ఎదురెదురు పక్షాల్లో ఉన్నారు. అగ్నిమాపక దళాల అధికారులు క్షణాల్లో తీసుకునే సరైన నిర్ణయాలను చూసిన క్లైన్ మనసు మాటను గౌరవించాడు. నిపుణుల అంచనాలు ఎంతగా తప్పుతాయో చూసిన కానమన్ దానిని అనుమానించాడు. చివరికి ఇద్దరూ కలిసి 2009లో ఒక వ్యాసం రాసి, రెండు షరతుల దగ్గర ఏకమయ్యారు. మొదటిది, ఆ పనిలో మళ్లీ మళ్లీ కనబడే స్థిరమైన గుర్తులు ఉండాలి. రెండవది, మనం తీసుకున్న నిర్ణయం తప్పో ఒప్పో తెలుసుకుంటూ నేర్చుకునే అవకాశం ఉండాలి. ఈ రెండూ లేని చోట మనసులో ఎంత గట్టి నమ్మకం ఉన్నా అది రుజువు కాదు.

బోరు పాయింటు దగ్గర

ఇప్పుడు బోరు సంగతికి వద్దాం. అరచేతిలో కొబ్బరికాయ నిలబడిందనో, వేపపుల్ల తిరిగిందనో పాయింటు పెడతారు. పాయింటు పెట్టిన మనిషి మోసగాడే కానక్కరలేదు, ఎంతో నిజాయితీగా నమ్మి ఉండవచ్చు. కానీ ఆయనకు నేల ఏం జవాబు చెప్పింది? నీళ్లు పడితే ఆ పేరు ఊరంతా పాకుతుంది. పడకపోతే "ఇంకో వంద అడుగులు దించితే పడేది" అంటారు. పది గజాల అవతల వేసి ఉంటే ఏమయ్యేదో ఎవరూ వేసి చూడరు. ఈ ఏడు పడిన నీళ్లు మూడేళ్లకు ఎండిపోతే ఆ లెక్క ఎవరూ రాయరు. ఇలా నేర్చుకునే దారి మూసుకుపోయిన చోట యాభై ఏళ్ల అనుభవం కూడా గురిని పెంచదు.

జర్మనీలో మ్యూనిక్ దగ్గర 1987-88లో దీనిని పరీక్షించారు. ఒక కొట్టం కింది అంతస్తులో నీళ్ల పైపును బండి మీద అటూ ఇటూ జరిపి, పై అంతస్తులో ఉన్నవారిని అది ఎక్కడుందో చెప్పమన్నారు. ముందుగా వడపోసి ఎంపిక చేసిన 43 మందితో 843 సార్లు చూశారు. కొందరికి శక్తి ఉందని పరీక్ష పెట్టినవారు అన్నారు గానీ, ఆ లెక్కలను తిరిగి చూసిన శాస్త్రవేత్త జిమ్ ఎన్‌రైట్‌కు ఊరికే ఊహించినదానికీ దానికీ తేడా కనబడలేదు.

మన ప్రాంతంలోనే ఇంకో దారి కూడా కనబడింది. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ సహకారంతో, అనంతపురంతో సహా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఏడు కరువు జిల్లాల్లో రైతులే భూగర్భ జలాలను కొలిచే పథకం నడిచింది. రైతులు, రైతమ్మలు వాన ఎంత పడిందో కొలిచారు, ఎంపిక చేసిన బోర్లలో నీటిమట్టం ఎంతుందో రాసుకున్నారు. యాసంగి పంటకు ముందు ఊరంతా కూర్చుని, భూమిలో ఎంత నీరుందో, ఏ పంటకు ఎంత కావాలో లెక్క వేసుకున్నారు. ఇది వేయండి, అది మానండి అని ఎవరూ హుకుం జారీ చేయలేదు. కంటికి కనబడని నీటికి నోరు వచ్చినట్టయింది, అంతే. మనసు మాటను బాగుచేసుకునే పద్ధతి ఇదే: దానిని అణచివేయనక్కరలేదు, దానికి జవాబు వినబడేలా చేయాలి.

సమూయేలు చూపు

దీనికి ఆత్మీయమైన వైపు కూడా ఉంది. 1 సమూయేలు 16వ అధ్యాయంలో ఏలీయాబును చూడగానే, అభిషేకించాల్సినవాడు ఇతడేనని సమూయేలుకు తట్టింది. సమూయేలు ఆత్మీయ అనుభవం లేనివాడా? చిన్ననాటి నుండి దేవుని స్వరం విన్నవాడు. అయినా ఎత్తయిన మనిషిని చూసి మనసు తొందరపడింది. అంతకుముందు రాజుగా అభిషేకించిన సౌలు కూడా జనులందరికంటే ఎత్తయినవాడే. ప్రవక్తకు తట్టిన ప్రతిదీ ప్రభువు మాట కాదని లేఖనమే మనకు చూపిస్తోంది. అంతకంటే ముఖ్యం, దేవుడు దిద్దినప్పుడు సమూయేలు దిద్దుబాటును అంగీకరించాడు. యెష్షయి కుమారులను ఒక్కొక్కరినే చూశాడు, ఇంకెవరైనా ఉన్నారా అని అడిగాడు.

"ప్రభువు చెప్పాడు" అనే మాటలోని ప్రమాదం ఇక్కడే ఉంది. ఆ మాటతో ఇంట్లో చర్చ ముగిసిపోతుంది. మెడలో బంగారం కుదువ పెట్టడానికి ఇవ్వాల్సిన భార్యకు ఇక నోరు ఉండదు. పరిశుద్ధాత్మ నడిపింపును నేను తక్కువ చేయడం లేదు. ఆ నడిపింపు పరీక్షకు భయపడదు అంటున్నాను. సమస్తమును పరీక్షించమని 1 థెస్సలొనీకయులకు 5:21 మనల్ని ఆజ్ఞాపిస్తోంది.

మనం చేయగలిగినవి

ఒకటి: నోటుబుక్కు పెట్టుకోండి. ముఖ్యమైన నిర్ణయం తీసుకున్న రోజు తేదీ, కారణం, ఏం జరుగుతుందని అనుకుంటున్నారో రాయండి. ఆరు నెలలకు తీసి చదవండి. జ్ఞాపకం మనకు అనుకూలంగా మారిపోతుంది, కాగితం మారదు.

రెండు: వాస్తవాలు ముందు, మనసు మాట తర్వాత. 1950ల్లో ఇజ్రాయెల్ సైన్యంలో యువకులను ఎంపిక చేసే పద్ధతిని కానమన్ మార్చాడు. ఒక్కొక్క గుణానికి విడివిడిగా మార్కులు వేసి, అంతా అయ్యాకే కళ్లు మూసుకుని మనసుకు తోచింది చెప్పమన్నాడు. అలా చివర్లో చెప్పిన మనసు మాటకు విలువ ఉందని తేలింది. సంఘ పెద్దను, ఆదివార బడి టీచరును ఎంచుకునేటప్పుడు ఇది మనకూ పనికొస్తుంది.

మూడు: ముందుగానే ఓటమిని ఊహించండి. ఇది క్లైన్ నేర్పిన పద్ధతి. "ఏడాది గడిచింది, ఈ పని పూర్తిగా చెడిపోయింది. ఎందుకు చెడింది?" అని ఇంట్లో ప్రతి ఒక్కరినీ అడగండి. అప్పటిదాకా మాట్లాడని ఇల్లాలు, కాలేజీకి వెళ్లే కూతురు మాట్లాడతారు. ఆలోచన చెప్పేవారు అనేకులు ఉంటే ఉద్దేశాలు స్థిరపడతాయని సామెతలు 15:22 బోధిస్తోంది.

నాలుగు: పోతే తిరిగి రానిదానికి మనసు మాట ఒక్కటే చాలదు. పొలం తాకట్టు, బిడ్డ పెళ్లి, బోరు అప్పు, ఇలాంటి వాటికి మనసుకు తట్టినదానితో పాటు కొలిచిన లెక్క కూడా ఉండాలి. భూగర్భ జలాల నిపుణుడు సర్వే చేసినా నీళ్లు తప్పక పడతాయని కాదు. అందుకే ఫెయిలైతే ఎంత నష్టం మోయగలమో ముందే తేల్చుకోవాలి. గోపురం కట్టదలచినవాడు ముందు కూర్చుని లెక్క చూసుకోవాలని ప్రభువే చెప్పాడు.

హెబ్రీయులకు 5:14 ప్రకారం, మేలు కీడులను వివేచించే శక్తి అభ్యాసంతో సాధన చేసినవారికి కలుగుతుంది. వివేచన ఒక్క రాత్రిలో దిగివచ్చే వరం మాత్రమే కాదు, దిద్దుబాటును అంగీకరిస్తూ ఏళ్ల తరబడి చేసే సాధన కూడా. ఈ వారం మీ ముందు పెద్ద నిర్ణయం ఏదైనా ఉంటే, ప్రార్థించండి. ఆ తర్వాత ఒక కాగితం తీసుకుని, ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టండి.

మన మనసులను పరిశోధించే దేవుడు మన నిర్ణయాలను స్థిరపరచును గాక. ఆమేన్.