నిలిచిన కొబ్బరికీ నష్టమే

వసిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే అంతర్వేది పరిసరాలలో తుపాను నష్టాన్ని ఎక్కువగా కూలిన కొబ్బరి చెట్ల సంఖ్యతోనే కొలుస్తారు. 1996 నవంబరు 6 రాత్రి కాకినాడకు దక్షిణాన తీరం దాటిన పెనుతుపాను కోనసీమ తోటలను నేలమట్టం చేసింది. అయితే నిలిచిన చెట్టు క్షేమంగా ఉన్నదనుకోవడం పొరపాటు.

కొబ్బరిలో పూగుత్తి అంకురించిన నాటి నుండి కాయ ముదిరే వరకు సుమారు 44 నెలలు పడుతుంది. అందులో దాదాపు 32 నెలలు అది మట్టల మొదళ్ల నడుమ కంటికి కనబడకుండానే పెరుగుతుంది. గాలికి మట్టలు విరిగి ఆహారోత్పత్తి తగ్గినపుడు, చెట్టుమీది గెలలే కాక రెండు మూడేళ్ల తరువాత రావలసినవి కూడా దెబ్బతినవచ్చు. తుపాను వెలిసిన కొద్ది రోజులకే ముగిసే గణనలో ఈ నష్టానికి చోటెక్కడ? నిలిచిన చెట్ల దింపును కనీసం మూడేళ్లు నమోదు చేయవలసి ఉంటుంది.

నలిగిన మొవ్వులో తేమ నిలిస్తే మొవ్వుకుళ్లు తెగులు సోకుతుంది. తొలిదశలోనే కుళ్లిన భాగాన్ని తొలగించి బోర్డో పేస్టు పూస్తే చెట్టు దక్కుతుంది. కానీ ఆ వేళకు చెట్టెక్కి చూసే దింపు కార్మికులు దొరకాలి. ఉప్పునీరు చేరిన తోటలో ముందుగా మురుగుబోదెలు తెరిచి, మంచినీటితో లవణాలను కడగాలి. ఎరువుల సంగతి ఆ తరువాతే.