మైదానం నుండి న్యాయపీఠానికి

"ఆటల్లో పడితే చదువు అటకెక్కుతుంది" అనే మాట వినని విద్యార్థి మన కళాశాలలో ఉండడేమో! నేను ఇక్కడ చదువుకొనే రోజుల్లో కబడ్డీ జట్టులో ఉండేవాణ్ణి. ఒకసారి పోటీల నుంచి తిరిగివచ్చి క్లాసులో కూర్చోగానే ఒక మాస్టారు, "రావయ్యా, మోకాళ్ళతో చదివే విద్వాంసుడా!" అన్నారు. అందరూ నవ్వారు. ఆయన సరదాకే అని ఉండవచ్చు గాని నాకు మాత్రం చాలా రోజులు గుచ్చుకొంది. ఆ మాటకు జవాబు చాలా ఏళ్ళ తరువాత ఒక అమెరికన్ ఆటగాడి జీవితంలో దొరికింది. ఆయన పేరు ఆలన్ పేజ్.

ముందుగా ఆ ఆట గురించి రెండు మాటలు చెప్పాలి. అమెరికావాళ్ళు ఫుట్‌బాల్ అనేది మనం ఆడే ఫుట్‌బాల్ కాదు. అందులో బంతి కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది. దాన్ని చేత్తో విసరవచ్చు, చంకలో పెట్టుకొని పరుగెత్తవచ్చు. జట్టుకు 11 మంది. బంతి చేతిలో ఉన్న జట్టు నాలుగు ప్రయత్నాలలో 10 గజాలు ముందుకు పోవాలి, లేదంటే బంతి ఎదుటివారి పాలవుతుంది. బంతి విసిరే నాయకుణ్ణి క్వార్టర్‌బాక్ అంటారు. పేరూ ప్రతిష్ఠా, పత్రికల్లో ఫోటోలూ ఎక్కువగా అతనివే. అతన్ని కాపాడటానికి ముందు కొండల్లాంటి మనుషులు వరుసగా నిలబడతారు. ఆ గోడను ఛేదించి, బంతి విసరక ముందే అతన్ని పడగొట్టడం డిఫెన్స్ వాళ్ళ పని. అలా పడగొట్టడాన్ని 'సాక్' అంటారు. మన కబడ్డీలో రైడర్‌కే చప్పట్లు గదా, పట్టేవాణ్ణి ఎవరు తలచుకొంటారు? అక్కడా అంతే.

పేజ్ ఆడిన స్థానం డిఫెన్సివ్ టాకిల్, అంటే ఆ గోడకు సరిగ్గా నడిమధ్య. ఆ స్థానానికి బలమే ముఖ్యమని అందరూ అనుకొనేవారు. సుమారు 110 కిలోల బరువున్నా పేజ్ నమ్ముకొన్నది మాత్రం వేగాన్ని. బంతి కదిలిన మరుక్షణం, ఎదుటివాడు లేచి నిలదొక్కుకొనే లోపలే అతన్ని దాటిపోయేవారు.

ఆయన 1945లో ఒహాయో రాష్ట్రంలోని కాంటన్ అనే ఊళ్ళో నల్లజాతి కుటుంబంలో పుట్టారు. అది ఉక్కు మిల్లుల ఊరు. నోటర్ డేమ్ విశ్వవిద్యాలయంలో చదివి, 1967లో మిన్నెసోటా వైకింగ్స్ జట్టులో చేరారు. అక్కడ కార్ల్ ఎల్లర్, జిమ్ మార్షల్, గారీ లార్సెన్‌లతో కలిసి ఆయన నిలబడిన ముందు వరుసకు 'ఊదారంగు మనుష్యభక్షకులు' అనే అర్థం వచ్చే ముద్దుపేరు వచ్చింది (వాళ్ళ చొక్కాల రంగు అది). 1971లో ఆయన లీగ్ మొత్తం మీద అత్యంత విలువైన ఆటగాడిగా ఎన్నికయ్యారు. ఒక డిఫెన్స్ ఆటగాడికి ఆ గౌరవం దక్కడం అదే మొదటిసారి. ఆ తరువాత 1986లో లారెన్స్ టేలర్‌కు మాత్రమే దక్కింది. ఇంకో విచిత్రం చూడండి. లీగ్ వారు సాక్‌లను అధికారికంగా లెక్కపెట్టడం మొదలుపెట్టింది 1982లో. పేజ్ ఆట మానింది 1981లో. కాబట్టి ఆయన పడగొట్టిన క్వార్టర్‌బాక్‌ల లెక్క అధికార పుస్తకాల్లో లేనే లేదు!

అంతా విజయమే అనుకోకండి. వైకింగ్స్ నాలుగుసార్లు సూపర్ బౌల్ దాకా వెళ్ళి నాలుగుసార్లూ ఓడిపోయారు. లా చదవాలని పేజ్ మొదటిసారి చేరినప్పుడు కొద్ది వారాలకే మానేశారు. అయితే ఆటగాళ్ళ సంఘంలో ప్రతినిధిగా పనిచేయడంతో చట్టం మీద ఆసక్తి పెరిగింది. 1975లో మిన్నెసోటా విశ్వవిద్యాలయ లా కళాశాలలో చేరి, ఒక ప్రక్క ఆడుతూనే 1978లో పట్టా పుచ్చుకొన్నారు.

సరిగ్గా ఆ సంవత్సరమే జట్టు ఆయనను వదిలివేసింది. కారణం ఏమిటనుకొన్నారు? ఆయన భార్య డయాన్ సిగరెట్లు మానడానికి పరుగు మొదలుపెట్టారు. తోడుగా ఈయనా పరుగెత్తారు. పరుగెత్తి పరుగెత్తి బాగా సన్నబడ్డారు. "ఇంత తక్కువ బరువుతో ఈ స్థానంలో ఆడలేడు" అని కోచ్ తేల్చేశారు. షికాగో బేర్స్ జట్టు వంద డాలర్ల నామమాత్రపు రుసుముతో ఆయనను తీసుకొంది. అక్కడ ఆయన 1981 దాకా ఆడారు. 15 సీజన్లలో 218 లీగ్ మ్యాచ్‌లు, ఒక్కటీ మానలేదు! మధ్యలో 1979లో మారథాన్ కూడా పూర్తిచేశారు.

ఆపైన న్యాయవాది, రాష్ట్ర ప్రభుత్వంలో అసిస్టెంట్ అటార్నీ జనరల్ అయ్యారు. మిన్నెసోటాలో సుప్రీంకోర్టు న్యాయమూర్తులను ప్రజలే ఎన్నుకొంటారు. 1992లో ఒక న్యాయమూర్తి పదవీకాలాన్ని గవర్నరు పొడిగించి ఎన్నిక లేకుండా చేస్తే, పేజ్ కోర్టుకెక్కారు. గెలిచారు. ఎన్నిక జరిగింది, అందులోనూ గెలిచారు. 1993 జనవరిలో ఆ కోర్టులో మొట్టమొదటి నల్లజాతి న్యాయమూర్తిగా ప్రమాణం చేసి, 2015లో 70 ఏళ్ళకు చట్ట ప్రకారం విరమించే దాకా పనిచేశారు. 2018లో అధ్యక్ష స్వేచ్ఛా పతకం లభించింది.

నన్ను అన్నిటికన్నా కదిలించిన విషయం వేరే ఉంది. 1988లో ఆయనకు కాంటన్‌లోనే ఉన్న హాల్ ఆఫ్ ఫేమ్‌లో స్థానం దొరికింది. ఆ సభకు తనను పరిచయం చేయడానికి ఆయన ఏ కోచ్‌నో తీసుకొని రాలేదు. మినియాపోలిస్‌లోని ఒక హైస్కూలు ప్రిన్సిపాల్‌ను పిలిచారు. ఉపన్యాసమంతా చదువు గురించే. తనతోపాటు ఆడినవారిలో కొందరికి జట్టు వ్యూహాల పుస్తకం చదవడం కూడా రాదని ఆయన గమనించారు. వాళ్ళు కాలేజీలు దాటి వచ్చినవాళ్ళే! వాళ్ళు పాయింట్లు సాధించినంత కాలం, అడ్డుకొన్నంత కాలం ఏ మాస్టారూ వాళ్ళకు చదువు వచ్చిందా అని అడగలేదన్నమాట. ఆ ఏడాదే ఆయన పేజ్ విద్యా సంస్థను స్థాపించారు. వెనుకబడిన జాతుల విద్యార్థులకు అది ఉపకార వేతనాలు ఇస్తుంది. పుచ్చుకొన్నవారు చిన్న పిల్లలకు చదువులో తోడ్పడాలి, అదీ షరతు.

మా మాస్టారు ఆటగాణ్ణి ఎగతాళి చేశారు. అమెరికాలో కాలేజీలు ఆటగాణ్ణి నెత్తిన పెట్టుకొని, చదువు సంగతి వదిలేశాయి. ఆలోచిస్తే రెండూ ఒకటే అనిపిస్తుంది. వాడికి ఆట చాలు, చదువు రాదు అని ముందే తీర్పు చెప్పడమే గదా! మన జట్లలో ఆడుతున్న తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ నేను చెప్పేది ఇంతే: ఆ తీర్పు ఒప్పుకోకండి. పోటీల వల్ల పోయిన పాఠాలు అడిగి చెప్పించుకోండి. అధ్యాపకులకు నా మనవి: వాళ్ళు అడిగినప్పుడు కసురుకోకండి.