మాత్ర నీట కరుగుటయు, దేహమున పనిచేయుటయు

ఈ సంవత్సరము మా తరగతిలో ఒక చిన్న ప్రయోగము చేసితిమి. రెండు గాజుగ్లాసులలో నిమ్మరసము కలిపిన గోరువెచ్చని నీరు పోసి, ఒకదానిలో సాధారణమైన పారసెటమాల్ మాత్రను, రెండవదానిలో ప్రేవులయందు మాత్రమే కరుగునట్లు పైపూత వేసిన ఆస్పిరిన్ మాత్రను విడిచితిమి. మొదటిది కొన్ని నిమిషములలో పొడిపొడియై అడుగున చేరెను. రెండవది పాఠము ముగియువరకు చెక్కుచెదరక యుండెను. అప్పుడొక బాలుడు, "మాస్టరుగారూ, మొదటి మాత్ర మ్రింగినచో నొప్పియు ఇంత త్వరగానే పోవునా?" అని యడిగెను. గంట కొట్టుచుండుటచే తొందరలో "ఔను" అంటిమి. ఆ యుత్తరము తప్పు. దానిని నమ్మి, నొప్పి వెంటనే తగ్గలేదని యెవరైనను మరియొక మాత్ర మ్రింగినచో కీడు వాటిల్లును. కావున మా తప్పును ఇచట దిద్దుకొనుచున్నాము.

మాత్ర విరుగుట వేరు, కరుగుట వేరు, రక్తమున చేరుట వేరు. మేము గ్లాసులో చూచినది విరుగుట మాత్రమే. పటికబెల్లపు గడ్డకంటె దాని పొడి త్వరగా కరుగునని మన తల్లులెరుగుదురు. మాత్రయు మొదట పొడియై, పిమ్మట కరుగవలయును. కరుగు వేగమునుగూర్చిన సూత్రమును 1897లో అమెరికా దేశమున నాయిస్, విట్నీ అను రసాయన శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. ఆ యేటనే జర్మనీలో హాఫ్‌మన్ శుద్ధమైన ఆస్పిరిన్‌ను తయారుచేసెను.

పరీక్షాశాలలో 900 మిల్లీలీటర్ల ద్రవమును దేహపు వేడికి సమముగా 37 డిగ్రీల సెంటిగ్రేడున నిలిపి, మాత్రను వేసి, నిమిషమునకు 50 చుట్లు తిరుగు తెడ్డుతో కలుపుదురు. అమెరికా ఔషధప్రమాణ గ్రంథము ననుసరించి, పారసెటమాల్ మాత్రలోని మందు 30 నిమిషములలో నూటికి 80 పాళ్లకు తక్కువ కాకుండ కరుగవలయును. ఇట్టి పరీక్షలు ఆ గ్రంథమున 1970లో చేరినవి.

దేహము గాజుపాత్ర కాదు. పారసెటమాల్ జీర్ణకోశమున కరిగినను అచట రక్తములోనికి మిక్కిలి స్వల్పముగానే చేరును. అది చిన్నప్రేవులోనికి దిగవలయును. కడుపు ఖాళీగా నున్నచో త్వరగా దిగును; నిండుగా భుజించినచో ఆలస్యమగును. ప్రేవుగోడలు పీల్చుకొనిన మందు మొదట కాలేయమునకు పోవును. అచట కొంత మార్పుచెందగా, మిగిలినది దేహమంతట వ్యాపించును. అందుచే ఖాళీ కడుపున మ్రింగినను, రక్తములో మందు హెచ్చుపాలునకు చేరుటకు సుమారు అరగంట మొదలు గంటవరకు పట్టును. పైపూతగల ఆస్పిరిన్‌కు ఇంకను ఎక్కువ కాలము కావలయును. పూత చెడునుగనుక దానిని నూరరాదు, నమలరాదు.

అట్లైన పరీక్షాశాల శ్రమ వ్యర్థమా? కాదు. పాత్రలో కరుగని మాత్ర కడుపులో కరుగునని నమ్మలేము. ఒక మాత్రవలెనే మరియొక మాత్రయు నున్నదని ఆ పరీక్ష మనకు హామీ యిచ్చును. నొప్పి ఎప్పుడు తగ్గునో మాత్రము అది చెప్పజాలదు.

కావున తల్లిదండ్రులకు మా మనవి: మాత్రను గ్లాసెడు నీటితో మ్రింగి ఓపికతో వేచియుండుడు. పెద్దలు పారసెటమాల్‌ను మరల తీసికొనుటకు కనీసము 4 గంటలు ఆగవలయును; ఒక దినమున 4,000 మిల్లీగ్రాములు మించరాదు. మించినచో కాలేయము చెడి ప్రాణమునకే ముప్పు రావచ్చును. అనేకములైన జలుబు మందులలోను ఇదే మందు కలిసియుండును గనుక చీటీ చదివి లెక్కింపుడు. పిల్లలకు వారి బరువునుబట్టి మోతాదు నిర్ణయింపవలయును. 16 ఏండ్లలోపు వారికి వైద్యుడు చెప్పక ఆస్పిరిన్ ఈయరాదు.

ఆ బాలునికి ఇపుడు మా సరియైన యుత్తరమిది: "నాయనా, గ్లాసులో నీవు చూచినది ప్రయాణమునకు తొలియడుగు మాత్రమే. మిగిలిన దారి కంటికి కనబడదు. దానికి తగిన కాలము నీయవలయును."