అడవే గర్భగుడి

జపాన్‌లోని కుమానో కొండల్లో జలపాతమే మూలవిరాట్టు. ఆ పక్కనున్న చెట్లు మాత్రం దేవుడి దయవల్ల మిగల్లేదు

వరాఛా అంటే వజ్రాల సాన. సూరత్‌లోని ఈ ప్రాంతంలో అంతస్తుల మీద అంతస్తులుగా లేచిన కార్ఖానాల్లో సానచక్రాలు పొద్దుటి నుంచి రాత్రిదాకా తిరుగుతూనే ఉంటాయి. ఆ రొదకు దగ్గర్లోనే, తాపీ నది ఒడ్డున అశ్వినీకుమార్ వద్ద ఒక మర్రి ఉంది. దానికి ఎప్పుడూ మూడే ఆకులుంటాయని స్థానికుల నమ్మకం. కర్ణుడికి అంత్యక్రియలు జరిగింది ఇక్కడేనని, అందుకు గుర్తుగా మొలిచిందే ఈ మర్రి అని చెబుతారు. తాపీ సూర్యుడి కూతురు, కర్ణుడు సూర్యుడి కొడుకు, కనుక తోబుట్టువు ఒడిలోనే అతనికి చోటు దొరికిందన్నమాట. కథ సంగతెలా ఉన్నా క్రమం గమనించదగ్గది. ముందు చెట్టు, తర్వాతే గుడి. ఇప్పుడు చుట్టూ ఉన్నది మాత్రం కాంక్రీటే.

సూరత్‌లో జపాన్ పేరు చెబితే ఎవరికైనా గుర్తొచ్చేది బుల్లెట్ రైలే. 2017లో శంకుస్థాపన జరిగిన ముంబై-అహ్మదాబాద్ మార్గం ఈ నగరం మీదుగానే వెళ్తుంది. కానీ వేగానికి మారుపేరైన ఆ దేశంలోనే, నడిస్తే తప్ప అర్థంకాని ఆలయాలున్నాయి. అక్కడా ముందు చెట్టే, తర్వాతే గుడి.

క్యోటోలోని బంగారు గుడి ఫొటోలు చూసి మురిసేవాళ్లే ఎక్కువ. తీరిక ఉన్నవాళ్లు మాత్రం కీయి ద్వీపకల్పంలోని కుమానోకు వెళ్లాలి. ఒసాకా నుంచి తనబే పట్టణానికి రైల్లో రెండు గంటలకు పైగా ప్రయాణం. అక్కణ్నుంచి బస్సులో తకిజిరి చేరితే పాత యాత్రామార్గం మొదలవుతుంది. హొంగు ప్రధానాలయం దాకా దాదాపు 40 కి.మీ., తీరిగ్గా నడిస్తే రెండు రోజులు. వేళ్లు పైకి తేలిన రాతిమెట్లు, పొగమంచు, ఆకాశాన్నంటే సుగీ చెట్లు. దారి పొడవునా చిన్న చిన్న గుళ్లు. ఒక్కోచోట ముద్ర వేసుకుంటూ యాత్రికులు తమ పుస్తకం నింపుకుంటారు. చక్రవర్తుల నుంచి సామాన్యుల దాకా శతాబ్దాలుగా నడిచిన ఈ దారులను యునెస్కో 2004లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

ఈ యాత్రలో అసలు విశేషం నాచీ జలపాతం. 133 మీటర్ల ఎత్తు నుంచి దూకే ఆ నీటిధారే దైవం. దాని పాదాల వద్దనున్న హిరో క్షేత్రంలో తొరణ ద్వారం ఉంది, పూజలున్నాయి, ప్రధాన మందిరం మాత్రం లేదు. ఎదురుగా దేవుడే దూకుతుంటే గోడలెందుకు? పైనున్న సెయిగాంతో-జి బౌద్ధాలయం మనకు మరీ దగ్గరిది. భారతదేశం నుంచి సముద్రంలో కొట్టుకొచ్చిన రగ్యో అనే భిక్షువు దాన్ని స్థాపించాడని స్థలపురాణం.

ఇంత పచ్చదనం చూసి జపనీయులకు ప్రకృతి భక్తి పుట్టుకతోనే వచ్చిందని మెచ్చుకోవడం రివాజు. అది సగం నిజమే. 1906లో మెయిజీ ప్రభుత్వం ఊరికో ఆలయం చాలని, మిగతావాటిని కలిపేయాలని ఆదేశించింది. కొన్నేళ్లలోనే దాదాపు 70,000 క్షేత్రాలు మాయమయ్యాయి. గుడి పోయాక దాని తోపులోని కలపకు అడ్డేముంటుంది? కుమానో ఉన్న వకయామా ప్రాంతం ఎక్కువగా దెబ్బతింది.

ఎదురుతిరిగింది మినకాత కుమగుసు. లండన్‌లో ఏళ్లపాటు చదువుకుని వచ్చి తనబేలో స్థిరపడిన ప్రకృతి శాస్త్రవేత్త, జిగురు బూజుల మీద పరిశోధకుడు, మహా ముక్కోపి. తోపు పోతే అందులోని జీవజాలంతో పాటు ఊరి మనుషుల మధ్య బంధమూ పోతుందని ఆయన వాదన. 1910లో ఒక సభలోకి దూసుకెళ్లి జైలుపాలయ్యాడు కూడా. చివరికి 1920లో ఆ విధానానికి తెరపడింది. యాత్రామార్గంలోని నోనకా వద్ద, కొమ్మలన్నీ నాచీ ఉన్న దక్షిణ దిక్కుకే చాచిన సుగీ చెట్లు కొన్ని మిగిలాయంటే అది ఆయన పుణ్యమే. 1929లో చక్రవర్తి హిరోహితో ఆ తీరానికి వచ్చినప్పుడు కుమగుసు బూజు నమూనాలను కారమెల్ మిఠాయి డబ్బాల్లో పెట్టి సమర్పించాడు!

పోరాటం ముగిసిందనుకోనక్కర్లేదు. టోక్యోలోని మెయిజీ క్షేత్రం చుట్టూ ఉన్న అడవి దేశమంతా విరాళంగా ఇచ్చిన దాదాపు లక్ష మొక్కలతో 1920 నాటికి మనుషులు నాటినదే. అదే క్షేత్రం భాగస్వామిగా ఉన్న బాహ్యోద్యాన పునర్నిర్మాణ పథకంలో వందలాది చెట్లు పోతాయని 2023లో గొడవ రేగింది. సంగీత దర్శకుడు ర్యూయిచి సకమోతో చనిపోవడానికి కొద్ది వారాల ముందు టోక్యో గవర్నర్‌కు లేఖ రాశారు. అయినా 2024 అక్టోబరులో నరికివేత మొదలైంది.

నాచీ దాకా వెళ్లలేని తెలుగువారికి నల్లమలలో సలేశ్వరం ఉంది. అమ్రాబాద్ పులుల అభయారణ్యం లోతుల్లో, లోయలోకి దిగితే జలపాతం, దాని పక్క గుహలో లింగమయ్య, పూజారులుగా చెంచులు. చైత్ర పౌర్ణమికి కొద్ది రోజులే దారి తెరుస్తారు. రోజులు పెంచాలని, రోడ్డు వేయాలని అడిగే భక్తులకు కొదవ లేదు. జాతర ముగిశాక లోయలో ప్లాస్టిక్ సీసాలు ఏరే పని మిగులుతుంది.