తేలిక విద్యుత్ వాహనానికి మోటారు, బ్యాటరీల ఎంపిక

క్రితం భాగంలో బ్రష్‌లెస్ డీసీ మోటారు, లిథియం ఘటాలు పనిచేసే తీరు తెలుసుకున్నారు. ఈ భాగంలో ఆ రెంటినీ ఒక వాహనానికి జతచేసే లెక్క చూద్దాం. మీ ఇంట్లో మూలనపడ్డ పాత 100 సీసీ పెట్రోలు స్కూటరు ఉందనుకోండి. ఇంజను తీయించి మోటారు పెట్టించాలని దుకాణానికి వెళితే అడిగేవి రెండే: ఎన్ని వాట్లు, ఎన్ని ఆంపియర్-అవర్లు? ఈ రెండూ చెప్పి డబ్బు కట్టాక, ఇద్దరు కూర్చుని ఎక్కిన మొదటి ఎత్తు మీదే బండి ఆగిపోవచ్చు. అడగవలసిన మూడో సంఖ్య ఎవరూ అడగకపోవడమే దానికి కారణం. బ్యాటరీ ఆగకుండా ఎన్ని ఆంపియర్ల ప్రవాహాన్ని ఇవ్వగలదన్నదే ఆ సంఖ్య.

7.4.1 ముందు బరువు, తరవాత రోడ్డు

ఇంజను తీసేసిన స్కూటరు 70 కిలోలు, మోటారు, కంట్రోలరు, బ్యాటరీ కలిపి 30 కిలోలు, ఇద్దరు మనుషులు 130 కిలోలు అనుకొందాం. మొత్తం 230 కిలోలు. సమతలమైన రోడ్డు మీద గంటకు 45 కి.మీ. వేగంతో, అంటే సెకనుకు 12.5 మీటర్ల చొప్పున పోతున్నప్పుడు మోటారు రెండు నిరోధాలను గెలవాలి.

దొర్లుడు ఘర్షణ: 230 × 9.8 × 0.015 = 34 న్యూటన్లు
గాలి నిరోధం: సుమారు 56 న్యూటన్లు

మొత్తం 90 న్యూటన్లు. దీన్ని 12.5తో గుణిస్తే చక్రం దగ్గర కావలసిన సామర్థ్యం 1125 వాట్లు వస్తుంది. మోటారు, కంట్రోలరుల దక్షత 80 శాతం అనుకుంటే బ్యాటరీ ఇవ్వవలసింది దాదాపు 1400 వాట్లు.

ఇప్పుడు ఎత్తు రోడ్డు సంగతి. 100 మీటర్ల దూరానికి 8 మీటర్లు లేచే వాలు తీసుకోండి. కొండ మీది గుడికి వెళ్లే దారిలో ఇలాంటి వాలు తగలడం వింతేమీ కాదు. వేగం గంటకు 25 కి.మీ.కు తగ్గించినా వాలు ఒక్కటే 180 న్యూటన్లు అడుగుతుంది. దొర్లుడు ఘర్షణ 34, గాలి నిరోధం 17 కలిపితే 231 న్యూటన్లు. సామర్థ్యం సుమారు 1600 వాట్లు. వేగం దాదాపు సగానికి తగ్గినా సామర్థ్యం పెరిగిందని గమనించండి.

7.4.2 మోటారు: వాట్ల వెనక ఉన్న టార్క్

స్కూటరు చక్రం వ్యాసార్ధం 0.21 మీటర్లు అనుకుంటే, ఆ వాలు ఎక్కడానికి 231 × 0.21, అంటే సుమారు 49 న్యూటన్-మీటర్ల టార్క్ కావాలి. స్కూటరు చక్రంలోనే బిగించే హబ్ మోటారుకు సాధారణంగా గేర్లు ఉండవు. కాబట్టి ఈ టార్క్ అంతా అదే స్వయంగా ఇవ్వాలి, అదీ నిమిషానికి 316 చుట్ల నెమ్మది వేగంలో. నెమ్మదిగా తిరిగే మోటారు దక్షత పడిపోతుంది. అది 70 శాతానికి దిగిందనుకుంటే బ్యాటరీ నుంచి లాగేది 2300 వాట్లు. చక్రానికి చేరేది 1600. తక్కిన 700 వాట్లలో ఎక్కువ భాగం ఆ మూసి ఉన్న మోటారులోనే వేడిగా మారుతుంది. ఇంచుమించు ఒక ఇస్త్రీపెట్టెను చక్రంలో పెట్టి తిప్పినట్లే. పేరు పలక మీద "1500 వాట్లు" అని ఉన్నంతమాత్రాన సరిపోదు. ఆ సంఖ్య క్షణికమైనదా, నిరంతరమైనదా, నిరంతర టార్క్ ఎంత అని అడగాలి.

చట్రం మీద బిగించి చెయిన్ లేదా గేర్ల ద్వారా చక్రాన్ని తిప్పే మోటారైతే వాలు మీద కూడా వేగంగానే తిరుగుతుంది. దక్షత 80 శాతం దగ్గర నిలిస్తే లాగేది 2000 వాట్లే. బిగింపు పని ఎక్కువ, చప్పుడూ ఎక్కువే. అయినా కొండ ప్రాంతాల్లో ఉండేవారికి ఈ రకమే మేలని నా అభిప్రాయం.

7.4.3 బ్యాటరీ: రెండు లెక్కలు

మొదటిది దూరం లెక్క. సమతలం మీద 1400 వాట్లతో గంటకు 45 కి.మీ. అంటే కిలోమీటరుకు 31 వాట్-అవర్లు. ఊళ్లో ఆగుతూ సాగుతూ తిరగడానికి దాన్ని 35 అనుకొందాం. రోజుకు 40 కి.మీ.కు 1400 వాట్-అవర్లు. బ్యాటరీలో 80 శాతమే వాడుకొనేట్లయితే 1750 కావాలి. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ ఘటాలు 16 వరసగా కలిపితే 51.2 వోల్టులు. 1750ని 51.2తో భాగిస్తే 34 ఆంపియర్-అవర్లు. అంగట్లో 40 దొరికితే చాలనిపిస్తుంది.

రెండోది ప్రవాహం లెక్క. వాలు మీద 2300 వాట్లను 51.2తో భాగించండి: 45 ఆంపియర్లు. ఘటాలు నిరంతరంగా 1సీ మాత్రమే ఇవ్వగలిగినవైతే 40 ఆంపియర్-అవర్ల బ్యాటరీ నుంచి 40 ఆంపియర్లకు మించి తీయకూడదు. దూరానికి సరిపోయిన బ్యాటరీ ఎత్తుకు చాలలేదు! 2సీ ఇవ్వగల ఘటాలనైనా ఎంచుకోవాలి, లేదా 50 ఆంపియర్-అవర్లకైనా వెళ్లాలి.

ఇక రక్షణ వరస. కంట్రోలరు పరిమితిని 50 ఆంపియర్లకు పెడితే, ఘటాలు ఆ 50ని నిరంతరంగా ఇవ్వగలగాలి. బీఎంఎస్ నిరంతర పరిమితి 60 ఉండాలి, బ్యాటరీ పక్కనే 80 ఆంపియర్ల డీసీ ఫ్యూజు ఉండాలి. డబ్బు మిగులుతుందని 30 ఆంపియర్ల బీఎంఎస్ పెడితే అది తన ధర్మం ప్రకారం సరఫరా తెంచేస్తుంది. వెనక లారీ వస్తుండగా, ఎత్తు మధ్యలో. బీఎంఎస్‌ను తప్పించి తీగలు నేరుగా కలిపేసే మెకానిక్కులూ ఉన్నారు. ఆ పని ఎట్టి పరిస్థితుల్లోనూ చేయించవద్దు.

7.4.4 ఏ రసాయనం?

సీసపు బ్యాటరీ కొనేటప్పుడు చవక. కాని దాని ఆంపియర్-అవర్లు మామూలుగా 20 గంటల నిదానపు వాడకానికి చెప్పినవి. గంటలో ఖాళీ చేస్తే అందులో బాగా తక్కువే అందుతుంది. 2 కిలోవాట్-అవర్లకు బరువు 50 కిలోలు దాటుతుంది కాబట్టి పై లెక్కంతా మళ్లీ వేయాలి. నికెల్-మాంగనీస్-కోబాల్ట్ ఘటాలు తేలిక. అయితే వేడికి ఐరన్ ఫాస్ఫేట్ అంత స్థిరంగా ఉండవు. 2022 ఏప్రిల్‌లో విజయవాడలోనూ నిజామాబాద్ జిల్లాలోనూ ఇళ్లలో స్కూటరు బ్యాటరీలు పేలి మనుషులు చనిపోయారు. ఆ ఏడాదే కేంద్రం ఏఐఎస్-156 భద్రతా ప్రమాణాన్ని కఠినం చేసింది. మన వేసవికి నేనైతే బరువు కొంచెం ఎక్కువైనా ఐరన్ ఫాస్ఫేట్‌నే ఎంచుకుంటాను. ఎండలో తిరిగివచ్చిన బ్యాటరీని చల్లారనిచ్చి, పడకగదికి దూరంగా ఛార్జి చేయాలి.

7.4.5 అనుమతి

మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షను ప్రకారం రిజిస్టరైన వాహనాన్ని మన ఇష్టం వచ్చినట్లు మార్చకూడదు. ఏఐఎస్-123 ప్రకారం ఆమోదం పొందిన కిట్‌నే వాడి, రవాణా శాఖ కార్యాలయంలో ఆర్‌సీలో ఇంధనం మార్పించుకోవాలి. కిట్ ఆమోదపత్రం మీ వాహనం మోడలుకు వర్తిస్తుందో లేదో డబ్బు కట్టకముందే చూసుకోండి.

మీ ప్రగతిని సమీక్షించుకోండి

పై స్కూటరు మీద 65 కిలోల ఒక్క మనిషే ఉండి, వాలు 100 మీటర్లకు 5 మీటర్లు, వేగం గంటకు 25 కి.మీ. అయితే హబ్ మోటారుకు కావలసిన టార్క్, బ్యాటరీ ప్రవాహం కనుక్కోండి. దక్షత 75 శాతం, గాలి నిరోధం 17 న్యూటన్లుగా తీసుకోండి. 1సీ ఘటాలున్న 40 ఆంపియర్-అవర్ల బ్యాటరీ ఇప్పుడు సరిపోతుందా?